యావ కూడా ఒక విద్యే

ఇంగ్లీషులో 'గీక్' అని ఒక మాట ఉన్నది. ఇప్పటి కళాశాల విద్యార్థులు దానిని గౌరవంగానే వాడుకొంటున్నారు. ఏదో ఒక విషయం మీద, అది కంప్యూటరు కావచ్చు, జపాను వారి బొమ్మల సినిమాలు కావచ్చు, చదరంగం కావచ్చు, ఆఖరుకు ఊరగాయల తయారీ కావచ్చు, పగలూ రాత్రీ ధ్యాస నిలిపి, దాని ఆనుపానులన్నీ తెలుసుకొని, ఎదుటివాడు విన్నా వినకపోయినా ఆ ముచ్చటే చెప్పేవాడిని గీక్ అంటారు. ఈ మాట పుట్టుక మాత్రం అంత గౌరవమైనది కాదు. మొదట దానికి తెలివితక్కువవాడని అర్థం. తరువాత అమెరికా సంతలలో, ప్రదర్శన డేరాలలో, బ్రతికి ఉన్న కోడి తల కొరికి జనానికి వినోదం కలిగించే దౌర్భాగ్యుడికి ఆ పేరు పెట్టినారు. అటువంటి మాట మెల్లమెల్లగా మెట్లెక్కి, నేడు తెలివికీ పట్టుదలకూ గుర్తుగా నిలిచినది. మాటలకు కూడా అదృష్టం పట్టే రోజులుంటవి కాబోలు!

మన భాషలో ఇటువంటి మనిషికి పేరు లేకపోలేదు. పిచ్చి, రంధి, మోజు, యావ అనే మాటలు మన ఇళ్ళలో రోజూ వినబడుతూనే ఉన్నవి. 'వీడికి సినిమా పిచ్చి', 'వాడికి తిండి యావ', 'దానికి ఎప్పుడూ ఫోను రంధే' అంటారు. ఒక్క మాటలోనూ మెప్పు లేదు. అన్నిటిలోనూ నింద ఉన్నది. 'వ్యసనం' అనే సంస్కృత శబ్దం సంగతి ఇంకా విచిత్రం. జూదం, వేట, మద్యపానం మొదలైనవాటిని సప్తవ్యసనాలని లెక్కించి రాజులను హెచ్చరించిన పెద్దలున్నారు. అదే శబ్దాన్ని తీసుకొని, విద్యయందు వ్యసనం ఉండడం మహాత్ముల సహజగుణమన్న భర్తృహరీ ఉన్నాడు. శబ్దం ఒకటే. ఒకచోట అది మనిషిని ముంచినది, ఒకచోట తేల్చినది. ఆ రెండింటికీ నడుమ ఉన్న గీత ఎక్కడున్నదో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది తీరికకు చేసే శబ్దచర్చ కాదు. శ్రీకాకుళంలో గాని, విజయనగరంలో గాని, ఏ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుణ్ణి కదిపినా, ఏ తల్లిదండ్రులను పలకరించినా వినవచ్చే ఫిర్యాదు ఒక్కటే. పిల్లలు పుస్తకం పట్టరు, ఫోను వదలరు. చూసేది ఆట, వినేది పాట, తలచేది తిండి. ఉపాధ్యాయుడు ఫోను లాక్కుంటాడు. తండ్రి కేకలు వేస్తాడు. తల్లి కంటతడి పెడుతుంది. పిల్లవాడు మాత్రం మౌనం వహిస్తాడు. ఆ మౌనంలోనే అసలు నష్టమున్నదని నా మనవి. వాడికి నిజంగా ఇష్టమైన విషయమేదో, అందులో వాడికి తెలిసినదెంతో మనం ఎన్నడూ అడగలేదు. అడగనివారికి చెప్పవలసిన అవసరం వాడికీ లేదు.

ముందుగా ఒక భేదం గుర్తించాలి. అలవాటు వేరు, యావ వేరు. ఫోనులో ఒక బొమ్మ ముగియగానే మరొకటి తనంతట తానే వస్తుంది. మన చూపు ఎక్కడ నిలిచినదో, ఏది చూడకుండా దాటివేసినామో ఆ యంత్రం కనిపెట్టి ఉంటుంది. దానిని బట్టి తరువాతి విస్తరిలో ఏమి వడ్డించవలెనో నిర్ణయిస్తుంది. తినేవాడు చేయి కూడా చాచనక్కరలేదు, నోరు తెరిస్తే చాలు. రెండు గంటలు గడచిన తరువాత ఏమి చూచినావని అడిగితే చెప్పలేడు. ఇది అలవాటు. దీనిని నేను సమర్థించను. ఇక యావ కలవాడున్నాడే, వాడు వడ్డించేదాకా కూర్చోడు. లేచి వెదకుతాడు. దొరికినదానిని మరొకదానితో పోలుస్తాడు. తప్పు కనబడితే ఊరుకోడు. పేర్లు వ్రాసి పెట్టుకొంటాడు. తోటివాడికి చెప్పందే నిద్రపోడు. అలవాటు పడినవాడిని వస్తువు ఎన్నుకొంటుంది. యావ కలవాడు వస్తువును ఎన్నుకొంటాడు. పైకి ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే ఫోను కావచ్చు. లోపల జరిగే పని మాత్రం ఒకటి కాదు.

ఈ సత్యానికి దృష్టాంతం కోసం మనం దూరదేశాలకు పోనక్కరలేదు. శ్రీకాకుళం ప్రాంతంలో ముఖలింగానికి చేరువనున్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తిగారి కథ చాలు. ఆయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా మనం జరుపుకొంటున్నాము. సభలలో ఆయన వ్యావహారిక భాషోద్యమాన్ని గురించి చెప్పుకొంటాము. ఆ ఉద్యమానికి ముందు ఆయనకున్న యావను గురించి చెప్పుకొనేది తక్కువ. 1880లో ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరినారు. బడిలో చెప్పవలసినది చరిత్రపాఠం. అది చెప్పి ఇంటికి పోయి హాయిగా ఉండవచ్చును. ఆయన ఉండలేదు. ముఖలింగం దేవాలయంలోని శాసనాలను చూచి, వాటి లిపులను గురువు లేకుండానే స్వయంగా నేర్చుకొన్నారు. చుట్టుపక్కల కొండలలో ఉండే సవరల మాట చెవిని పడగానే, ఆ భాష ఏమిటో తేల్చుకోవాలనిపించినది. దానికి పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, లిపి లేదు. తెలుగు వచ్చిన సవరను ఇంట పెట్టుకొని, మాట మాటగా అడిగి వ్రాసుకొంటూ నేర్చినారు. సవర పిల్లల కోసం బడులు పెట్టించినారు.

ఆ రోజులలో ఆయన ఇరుగుపొరుగువారు ఏమనుకొని ఉంటారో ఊహించడం కష్టం కాదు. పై అధికారి అడిగిన పని కాదది. జీతం పెంచే పని అంతకంటె కాదు. కొండల్లో తిరిగి తెచ్చుకొన్న మలేరియా జ్వరాలకు వాడిన క్వినైను వల్ల ఆయనకు వినికిడి దెబ్బతిన్నదని జీవితచరిత్రకారులు వ్రాసినారు. నోటిమాటను చెవితో పట్టుకోవడమే వృత్తిగా పెట్టుకొన్నవానికి చెవి పోవడమంటే ఏమిటో ఆలోచించండి! అయినా పని ఆగలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. మొదటి పాఠం నాటినుంచి లెక్కిస్తే ఇది సుమారు అర్ధశతాబ్దపు యావ. బ్రతికి ఉన్న భాష గ్రంథాలలో కాదు, జనం నోళ్ళలో ఉంటుందన్న మాట ఆయన తెలుగువారికి చెప్పక పూర్వం సవరల దగ్గర నేర్చుకొన్నారని నా అభిప్రాయం. ఆ యావే లేకపోతే ఈ వ్యాసం ఇట్లా వాడుకభాషకు దగ్గరగా వ్రాయడానికి నాకు ధైర్యం ఉండేది కాదేమో.

ఇది మహాపండితుల సంగతి కదా, సినిమా పాటల మీద, ఆటల మీద మోజుపడే పిల్లవాడికి దీనితో పోలికేమిటని ఎవరైనా అడగవచ్చును. అయితే వినోదం దగ్గరికే వస్తాను. విజయనగరపు ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథా పితామహులు. హరికథ అంటే నాటి జనానికి పుణ్యమూ, వినోదమూ కూడాను. కాళ్ళకు గజ్జెలు కట్టి రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టిన ఆ మనిషి పగటిపూట పారసీకం చదువుకొన్నారు. ఉమర్ ఖయ్యాము పద్యాలను ఇటు సంస్కృతంలోకీ, అటు అచ్చతెలుగులోకీ మార్చి 1932లో ప్రకటించినారు. సంస్కృతపు వాసన తగలని తెలుగు మాటలను ఏరుకోవడం ఆయనకు ఒక ఆట. ఆ ఆట మన పదసంపదను పెంచినది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షులు ఆయనే. గజ్జెలూ, నిఘంటువూ ఒకరి ఇంటిలోనే ఉండవచ్చునని ఆ జీవితం చెపుతున్నది.

ఆరుద్ర విజయనగరంలో కళాశాల చదువు చదివినవారే. ఆయనకు చదరంగం మీద మోజు. ఆ ఆటను గురించి తెలుగులో పుస్తకమే వ్రాసినారు. గళ్ళ నుడికట్లు కూర్చి పాఠకుల చేత పెన్సిళ్ళు పట్టించినారు. విశాఖపట్నంలో పుట్టిన శ్రీశ్రీ కూడా పదబంధ ప్రహేళికలు కూర్చినారు. మహాకవికి గళ్ళాటలేమిటని విసుక్కొన్నవారు ఆ రోజులలోనూ ఉండే ఉంటారు. కాని గళ్ళలో అక్షరాలు కుదరవలెనంటే ఒక మాటకు ఎన్ని అర్థాలున్నవో, ఎన్ని రూపాలున్నవో తెలిసి ఉండాలి. సమగ్ర ఆంధ్ర సాహిత్యాన్ని సంపుటాల కొద్దీ శోధించి వ్రాసిన ఆరుద్రకూ, గడులు నింపిన ఆరుద్రకూ మధ్య గోడ లేదు. ఒకే కుతూహలం రెండు కిటికీలలోనుంచి తొంగిచూచినది.

బొబ్బిలి రాజవంశానికి చెందిన వి.ఏ.కె. రంగారావుగారి పేరు పాత పాటలు వినేవారందరికీ తెలిసినదే. ఆయనకు గ్రామఫోను రికార్డుల యావ. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నల్లని పళ్ళెంలో ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పడుతుంది. అటువంటివి వేల కొద్దీ పోగుచేసినారు. పోగుచేసి బీరువాలో పెట్టి తాళం వేయలేదు. ఏ పాట ఎవరు పాడినారు, ఎవరు వ్రాసినారు, ఏ బాణీ ఎక్కడినుంచి వచ్చినదన్న సంగతులు 'ఆలాపన' అనే శీర్షికతో పాఠకులకు పంచిపెట్టినారు. చాలా సినిమాల ప్రతులు చెడిపోయి, పోయినవి. పాటలు మిగిలినవంటే ఇటువంటి పిచ్చివాళ్ళు దాచబట్టి మిగిలినవి. ఇప్పుడు చెప్పండి, సినిమా పాటల పిచ్చి వ్యర్థమేనా?

ఇక తిండి సంగతి. ఫోనులలో తిండిని గురించిన బొమ్మలు చూడడం పిల్లలకు పెద్ద కాలక్షేపం. కొరియా దేశపు సేమ్యాలూ, ఇటలీ రొట్టెలూ ఎట్లా చేస్తారో వారికి కంఠస్థం. ఆ కుతూహలాన్ని నేను తప్పుపట్టను. దానిని ఇంటి పొయ్యి దాకా తీసుకురానందుకు మనలను తప్పుపడతాను. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరాన్ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినది. ఆ మాట విన్న పట్టణవాసులు అందమైన సంచులలో చోళ్ళూ గంటెలూ హెచ్చు వెలకు కొనుక్కొంటున్నారు. మన జిల్లాలలో చోడి అంబలి తాగి పొలానికి పోయిన తాతలు అది ఏదో ఘనకార్యమనుకోలేదు, అది వారి దినవెచ్చం. సామలు ఎట్లా దంచాలి, అంబలి ఎంతసేపు పులియనివ్వాలి, ఏ కాలంలో ఏ ఆకు కూరకు పనికివస్తుంది అన్న జ్ఞానం ఏ పుస్తకంలోనూ లేదు. ముసలమ్మల చేతులలో ఉన్నది. ఉద్దానంలో జీడితోటలలో పనిచేసే అవ్వకు తెలిసిన సంగతులు వ్రాసి పెట్టుకొనే తిండి యావ కల మనుమడు ఒకడుంటే, అది ఒక గ్రంథాలయం కాలిపోకుండా కాపాడినట్లే.

ఆడపిల్లల యావను మనం యావగా కూడా గుర్తించలేదు. సంక్రాంతి నెలలో తెల్లవారకముందే లేచి, ఇన్ని చుక్కలకు ఇన్ని వరుసలని లెక్కగట్టి, గీత ఎక్కడా తెగకుండా చుట్టివచ్చే ముగ్గు పెట్టే పిల్లను చూచి 'పనిమంతురాలు' అంటామే గాని, 'గణితం తెలిసినది' అనము. 1974లో మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణిగారూ, ఆయన సహచరులూ ముగ్గుల అల్లికను కంప్యూటరు శాస్త్రంలోని వ్యాకరణ సూత్రాలతో వివరిస్తూ పరిశోధనపత్రం వ్రాసినారు. వాకిట్లో ఉన్న శాస్త్రం విశ్వవిద్యాలయాల దాకా పోయినది. మన బడిలోని లెక్కల తరగతిలోకి మాత్రం ఇంకా రాలేదు.

ఇంత దూరం వచ్చినాము గనుక అంతర్జాలాన్ని గురించి కూడా ఒక మాట. కంప్యూటరు తెరపై తెలుగు అక్షరం సులభంగా కనబడని రోజులలో, 1990ల ఆరంభంలో, అమెరికాలో చదువుకొంటున్న మన యువకులు ఇంటి తిండినీ, పాత పాటలనూ, పద్యాలనూ తలచుకొని ఒకరికొకరు వ్రాసుకొనేవారు. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలలో ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా వ్రాస్తే చదవడం చిక్కు అయినది. అప్పుడు రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు దానికొక పద్ధతి ఏర్పరచినారు. ఏ అక్షరానికి ఏ మీట నొక్కాలన్న ఆ ఒప్పందమే తరువాతి కాలంలో 'లేఖిని' వంటి ఉపకరణాలకు దారి చూపినది. ఉద్యోగం కోసం చేసినది కాదది. ఇంటిమీద బెంగతో, కబుర్ల మోజుతో చేసినది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా అటువంటిదే. జీతం లేనివారు, పేరు కోరనివారు రాత్రిపూట కూర్చొని వేల కొద్దీ వ్యాసాలు వ్రాసినారు. గిడుగువారి నాడు లిపి లేని సవర భాషకు 1936లో మంగే గొమాంగో అనే సవర పెద్ద సొంత లిపి కల్పించినాడు. 2012లో ఆ లిపి ప్రపంచ కంప్యూటర్లన్నీ పాటించే యూనికోడు పట్టికలో చోటు సంపాదించినది. చిన్నభాషకు పెద్దపీట వేయించగల శక్తి ఎవరో ఒకరి యావకే ఉన్నది.

ఇక్కడ తెలుగు బోధించేవాడుగా నా అసలు భయం చెప్పుకొంటాను. ఇటీవల ఒక తరగతిలో విద్యార్థులను తమకు అత్యంత ప్రీతికరమైన విషయాన్ని గురించి ఒక పుట తెలుగులో వ్రాయమన్నాను. జపాను బొమ్మల సినిమాలంటే ప్రాణమిచ్చే ఒక విద్యార్థి, చిత్రకారుల పేర్లతో సహా గంటసేపు చెప్పగలవాడు, నాలుగు పంక్తులు వ్రాసి కలం కింద పెట్టినాడు. 'మాటలు రావడం లేదండీ' అన్నాడు. వాడికి విషయం లేక కాదు, తెలుగు రాక కూడా కాదు. వాడి ఇష్టం ఒక భాషలోనూ, వాడి పాఠం మరొక భాషలోనూ పెరిగినవి. ఈ రెండూ ఎన్నడూ ఒకదానినొకటి పలకరించుకోలేదు. పరీక్షలో మార్కులకు మాత్రమే పనికివచ్చి, మనిషి ముచ్చటపడ్డ చోట పనికిరాని భాషను ఎవరు ఎంతకాలం మోస్తారు? భాషను చంపడానికి శత్రువులు అక్కరలేదు. పిల్లవాడి ఇష్టాలలోనుంచి దానిని మనమే బయట నిలబెడితే చాలు.

ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. యావలతో కడుపు నిండుతుందా, ర్యాంకులు వస్తవా అని తల్లిదండ్రులు అడుగుతారు. కూలికి పోయి పిల్లలను చదివించే ఇళ్ళు ఎక్కువగా ఉన్న మన జిల్లాలలో ఇది న్యాయమైన ప్రశ్న. గిడుగువారు తమ బడి మానలేదు. పాఠం చెప్పిన తరువాతనే సవర నేర్చినారు. యావ పనిని మింగివేస్తే అది తిరిగి సప్తవ్యసనాల పట్టికలో చేరుతుంది, సందేహం లేదు. అయితే ర్యాంకు కోసం మాత్రమే చదివినవాడికి ర్యాంకు వచ్చిన మరునాడు చదవడానికి కారణం మిగలదు. వెదకడం, పోల్చడం, సరిచూడడం, ఓపికపట్టడం అనే నాలుగు గుణాలను ఏ పాఠ్యపుస్తకమూ బలవంతాన నేర్పలేదు. యావ వాటిని పైసా ఖర్చు లేకుండా నేర్పుతుంది.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం స్వల్పమైనది. వారానికి అరగంట చాలు. పిల్లవాడిని నిలబెట్టి, 'నీకు తెలిసి మాకు తెలియనిది ఏదైనా చెప్పు' అనండి. క్రికెట్టు అంకెలైనా సరే, రైళ్ళ వేళలైనా సరే, అవ్వ పెట్టే ఊరగాయైనా సరే. చెప్పినదానిని తెలుగులో ఒక పుట వ్రాయించి గోడపత్రికకు అంటించండి. ఎక్కడ తెలుసుకొన్నావని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో అలవాటుకూ యావకూ ఉన్న భేదం వాడికే తెలిసిపోతుంది. ఇంకా ఉత్సాహం ఉంటే, వికీపీడియాలో తమ ఊరిని గురించిన పుట తెరచి, తప్పులున్నవేమో చూడమనండి. ఊరి చెరువు పేరు సరిదిద్దిన పిల్లవాడు ఆ రోజునుంచి చదివేవాడు మాత్రమే కాడు, వ్రాసేవాడు కూడా.

విద్యార్థులకు చెప్పవలసినది ఇంకా స్వల్పం. మీ ఇష్టాన్ని దాచుకోకండి, సిగ్గుపడకండి. కాని దానిని ఒక్క ప్రశ్న అడగండి: నేను దీనిని వెదకుతున్నానా, ఇది నన్ను నడిపిస్తున్నదా? వెదకుతున్నానన్న సమాధానం వస్తే, మీకు తెలిసినదానిని మరొకరికి తెలిసేటట్లు మన మాటలలో వ్రాయండి. పర్లాకిమిడిలో ఒక చరిత్ర ఉపాధ్యాయుడు చేసినది ఇంతకు మించి మరేమీ కాదు.